గాలి కారే పిల్లనగ్రోవి

సాయంత్రం నాలుగున్నరకు, ఎర్రజెండాల ఊరేగింపు దాటాక, మావయ్యా నేనూ లాల్ బజార్‌లో ట్రాము దిగాం. అక్కడి వాయిద్యాల కొట్లో మంచి పిల్లనగ్రోవి కొనాలి. గార్డెన్ రీచ్ రేవులో సిమెంటు బస్తాలు మోసే మావయ్య దగ్గర అప్పటిదాకా ఉన్నవన్నీ చవక రేకువే. ఆ చలికాలం నుంచి అతను ఊదుతుంటే పైస్వరం మధ్యలో తెగిపోయేది. వెంటనే దాన్ని లుంగీకి తుడిచి, "గాలి కారిపోతంది, ఎదవ రేకు," అనేవాడు. ఆ మాట అందరం నమ్మాం. అతని దగ్గు వింటూనే నమ్మాం.

కొట్టతను ఇత్తడివి ముందు పెట్టాడు. మావయ్య ఒక్కటీ ఊదలేదు. రంధ్రాల మీద వేళ్లు ఆనించి చూసి, "మీరే వాయించండి దాదా," అని బెంగాలీలో చెప్పి తిరిగి ఇచ్చేవాడు. కొట్టతను ఊదితే అన్నీ చక్కగా పలికాయి.

"నువ్వూదు మావా, ఏటి భయం?" అన్నాను.

"ఇది మంచిదిరా. ఇందులోనూ తెగిపోతే ఏటనాల?"

అన్నిటికన్నా తక్కువ ఊపిరితో పలికేది కొన్నాడు. ఇంటికొచ్చి ఊదుతుంటే అత్త పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చి నిలబడింది. స్వరం శుభ్రంగా లేచి, పాత చోటే తెగింది. మావయ్య అలవాటుగా లుంగీకి తుడిచాడు. ఈసారి దాన్ని తిట్టలేదు.

"రేపు ఆస్పత్రికెల్దాం," అంది అత్త.

మావయ్య పోయాక ఆ ఇత్తడిది నా దగ్గరికి వచ్చింది. మా ఇంట్లో ఇప్పుడు తప్పును పిల్లనగ్రోవి మీద వేయం.