నారాయణప్ప మామ గూట్లో లేని పావురం

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్నవాడికి చెప్పలేదు, కన్నతల్లికీ చెప్పలేదు. అయిదో క్లాసులో నెత్తికెత్తుకున్న బరువు, మనవరాలిని చంకనెత్తుకునే వయసొచ్చినా దిగలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనవసరం లేదు. అందుకే నోరు పెగులుతోంది.

చిన్నప్పటి స్నేహితులం ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నాం. వైట్‌ఫీల్డ్‌కు ఇవతల, ఒక ఫ్యాక్టరీ వాళ్ళు కట్టించిన వరస ఇళ్ళలో పెరిగినవాళ్ళం. రోజూ ఎవరో ఒకరు ఏదో ఒకటి గుర్తుచేస్తారు. ఫ్యాక్టరీ సైరన్ విని గోడ గడియారం సరిచేసుకోవడం, డిసెంబరు చలికి ఉన్ని టోపీలు తియ్యకుండానే క్లాసులో కూర్చోవడం, బేకరీలో వేడి బన్ను కోసం కొట్టుకోవడం, ఉండేది బెంగళూరే అయినా నగరం నడిబొడ్డున ఉన్న మెజెస్టిక్‌కు బయల్దేరితే "బెంగళూరికి పోయొస్తాం" అని పక్కింటికి చెప్పి పోవడం. ఎంత బాగుండేవి ఆ రోజులు అని అందరూ రాస్తారు. నేనూ రాస్తాను, అందరికంటే ఎక్కువే రాస్తాను. ఎవరైనా పావురాల సంగతి ఎత్తితే మాత్రం స్టవ్ మీద పాలు పొంగుతున్నాయని రాసి ఫోను పక్కన పెట్టేస్తాను.

మా పక్కింటి మునెప్ప మామ పావురాలు పెంచేవాడు. వెనక వీధిలో నారాయణప్ప మామ కూడా. ఇద్దరిదీ ఒకే షిఫ్టు, ఒకే సైకిలు. ఒకరు తొక్కితే ఒకరు వెనక కూర్చునేవారు. ఆదివారాలు ఇద్దరూ తమ గుంపుల్ని ఎగరేసి, మెడలు నొప్పెట్టేదాకా ఆకాశం చూస్తూ నిలబడేవారు. పావురాల వాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. పరాయి పావురం వచ్చి ఎవరి గూట్లో దిగితే అది వాళ్ళదే. కానీ స్నేహితుల మధ్య ఆ లెక్క లేదు, దిగినదాన్ని సాయంత్రానికల్లా తెచ్చి ఇచ్చేవారు.

నాకు పుట్టుకతోనే ఒక జబ్బు ఉంది. ఏదైనా ఎందుకో, ఎలాగో తెలిసేదాకా నిద్రపట్టదు. పావురానికి దారి ఎలా తెలుస్తుంది? మునెప్ప మామను అడిగి అడిగి చంపేదాన్ని. "ఇల్లు దాని నెత్తిలోనే ఉండాది పాపా. పిల్లలుండే తల్లయితే యాడ ఇడిసినా వచ్చేస్తాది" అనేవాడు. రోజుకు కొంచెం కొంచెంగా దూరం పెంచి అలవాటు చెయ్యాలని కూడా చెప్పేవాడు. అంత ఓపిక నాకెక్కడిది?

ఆయన గూట్లో మెడ మీద పొడలున్న తెల్ల పెట్ట ఒకటి ఉండేది. అదంటే ఆయనకు ప్రాణం. దాన్ని తనకిమ్మని నారాయణప్ప మామ ఎప్పుడూ ఆటపట్టించేవాడు. అప్పుడే అది పిల్లల్ని చేసింది. ఆ ఆదివారం అమ్మా నేనూ ఊరికి ఇంకో కొసనున్న జిగణిలో పిన్నిని చూడటానికి బయల్దేరుతున్నాం. గింజలు వేసే వంకతో గూడు తెరిచాను. చిల్లులు పొడిచిన అట్టపెట్టెలో పెట్టను పెట్టాను. పెట్టెలో బొమ్మలున్నాయని అమ్మతో చెప్పాను. బస్సులో అది నా ఒడిలో ఒత్తిగిలినప్పుడల్లా నాకు భయం వెయ్యలేదు. సంతోషం వేసింది. ఆ సంతోషాన్ని ఈరోజుకూ మరిచిపోలేదు.

జిగణి అంటే అప్పట్లో పొలాలే. పిన్నివాళ్ళ మిద్దె మీద పెట్టె మూత తీశాను. అది పైకి లేచి చుట్లు తిరిగి ఒక దిక్కుకు పోయింది. అది ఇంటి దిక్కో కాదో నాకు తెలియదు. నాకంటే ముందే ఇల్లు చేరి ఉంటుందని దారంతా నవ్వుకుంటూ వచ్చాను.

రాలేదు. మరునాడూ రాలేదు. మునెప్ప మామ నానబెట్టిన శనగలు నమిలి, తన నోటితోనే ఆ పిల్లలకు మేత పెడుతూ కనిపించాడు. ఆ సాయంత్రం షిఫ్టు దిగి ఇద్దరూ మా గేటు ముందే సైకిలు ఆపారు. నేను లోపల, కాంపౌండు గోడకు ఆనుకుని ఉన్నాను.

"నారాయణా, పొడల పెట్ట నీ గుంపులో కలిసినట్టుండాది. ఇచ్చేయప్పా. దానికి పిల్లలుండాయి."

"నా కాడ లేదప్పా. గూడు తెరిచి నువ్వే చూసుకో."

"నీ గూట్లో చెయ్యి పెట్టి ఎతకాల్నా నేను? అంతకు దిగజారిందా మన స్నేహం? నువ్వే తెచ్చియ్యి."

"లేందాన్ని యాడనుంచి తెచ్చేది?"

వెళ్ళి ఆ గూడు చూసి ఉంటే అక్కడితో పోయేది. మర్యాద అడ్డొచ్చింది. స్నేహితుడి గూడు సోదా చెయ్యడం ఆయనకు చేతకాలేదు, అనుమానం వదులుకోవడమూ చేతకాలేదు. నేను గేటు తీసి ఒక్క మాట అని ఉంటే రెండు మొట్టికాయలతో సరిపోయేది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. భయపడ్డానా? భయపడ్డాను. అదొక్కటేనా? ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఇదే. సిగ్గు విడిచి చెబుతున్నాను, వీళ్ళిద్దరూ ఇప్పుడేం చేస్తారో చూడాలని కూడా ఉంది. పావురాన్ని వదిలి చూసినట్టే, వాళ్ళనూ వదిలి చూశాను.

మర్నాటి నుంచి సైకిలు మీద ఒక్కరే. కొన్నాళ్ళకు నారాయణప్ప మామ తన పావురాలన్నీ సంతలో అమ్మేశాడు. "నా ఇంట్లో గూడే లేకుంటే ఇంక ఏమంటాడు" అన్నాడట. దొంగసొత్తు మాయం చెయ్యడానికే అమ్మేశాడని మునెప్ప మామ అన్నాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చింది నేను. ఒకే వీధిలో పెళ్ళిళ్ళు జరిగాయి, చావులు జరిగాయి. ఇద్దరూ మాట్లాడుకోలేదు.

పోయిన నెల నారాయణప్ప మామ చనిపోయాడు. ఆసుపత్రిలో ఉండగా ఒకసారి చూసొచ్చాను, పోయాక ఇంటికీ వెళ్ళాను. మునెప్ప మామ కర్ర పట్టుకుని ఆ ఇంటి గేటు బయటే నిలబడి ఉన్నాడు. చూపు ఆనదు, నా గొంతు గుర్తుపట్టాడు.

"పాపా, నువ్వు ఆసుపత్రికి పోయొచ్చినావంట కదా. ఆకర్న ఏమన్నా చెప్పినాడా, నా పెట్ట గురించి?"

అడిగినదాంట్లో కోపం లేదు. ఒప్పుకుని పోయుంటే క్షమించేద్దామన్న ఆశ ఉంది. లోపలికి అడుగుపెట్టడానికి ఆయనకు కావలసింది అదొక్కటే.

"లేదు మామా" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

చిన్నపిల్లగా చేసినదానికి నన్ను నేను ఎప్పుడైనా క్షమించుకుంటానేమో. ఈ "లేదు మామా" మాత్రం పెద్దదాన్నయ్యాక అన్నాను, అంతా తెలిసి అన్నాను. ఇప్పుడు నిజం చెబితే ఆయనకు మిగిలేదేమిటి? ఏ తప్పూ చెయ్యని స్నేహితుణ్ణి జీవితమంతా దొంగ అన్నాడని తెలుస్తుంది. క్షమాపణ అడుగుదామన్నా ఆ మనిషి లేడు. నేను ఆలస్యం చేసి చేసి నా పాపంలో ఆయనకూ వాటా పెట్టాను. చెప్పకపోతే మాత్రం చనిపోయినవాడి మీద ఆ మాట అలాగే ఉండిపోతుంది. ఏది చెయ్యాలో నాకు నిజంగా తెలియడం లేదు. ఆ పావురం ఏ ఊళ్ళో, ఎవరి మిద్దె మీద దిగిందో కూడా తెలియదు. చివరిదాకా వెతుక్కుంటూనే ఉందా? ఈ వయసులోనూ తెలుసుకోవాలనే ఉంది. ఇలాంటి బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా.

గొంతు విప్పి ఒక్కసారైనా అనలేని మాట, కనీసం ఇక్కడ రాసి పెడుతున్నాను. పొడల పెట్టను తీసుకుపోయింది నేను. నారాయణప్ప మామ దొంగ కాదు.