సెవేరో వాయించని సగం

సెవేరో కోల్కే మా ఊరు తిల్కారాకి ఉల్లినాట్లకని వచ్చాడు. సరిహద్దు అవతల, బొలీవియాలో, పోతోసీ దగ్గర ఓ పల్లె అతనిది. నాట్లయ్యాక వెళ్ళిపోతాడనుకున్నాం. ఇటుకల పనికి కుదిరాడు, మా వీధి పిల్లనే చేసుకున్నాడు, మా ఇంటి వెనక గోడ కట్టాడు. గోడ కాస్త వంకరొచ్చింది. నేనడిగితే "నీ ఇల్లే వంకర నికా, మధ్యలో గోడేం చేస్తుంది?" అన్నాడు. జుట్టు నెరిసిపోయినా మా వాళ్ళకి అతను ఇంకా 'అవతలాయనే'. మా వాళ్ళకి కొన్ని విషయాల్లో బుద్ధి రాదు.

సాయంత్రం పనయ్యాక గుమ్మంలో కూర్చుని సికు ఊదేవాడు. సికు అంటే వరసగా కట్టిన వెదురు గొట్టాలు. అది ఇద్దరు కలిసి ఊదే వాద్యం. ఒకడి దగ్గర స, గ, ప ఉంటే రెండోవాడి దగ్గర రి, మ, ద ఉంటాయి. ఒకడు ఆపిన చోట రెండోవాడు అందుకుంటేనే పాట. ఈ కాలం కుర్రాళ్ళు రెండు వరసలూ కలిపి కట్టేసుకుని ఒక్కళ్ళే కానిచ్చేస్తున్నారు. చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

సెవేరో తన సగమే ఊదేవాడు. రెండో సగం వచ్చే చోట ఆగి, అది వాయించడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఊరుకుని, మళ్ళీ అందుకునేవాడు. అది వాళ్ళ ఊరి పాట. ఆ రెండో సగం వాళ్ళన్న జెనారోది. "వచ్చే పవిత్ర వారానికి అన్నొస్తాడు, కలిసి కొండెక్కుతాం" అని ఏటా చెప్పేవాడు. ఈస్టర్ ముందొచ్చే ఆ వారంలో మా ఊరి మేళాలన్నీ వాయించుకుంటూ కొండమీది మరియమ్మ తల్లి దగ్గరికి వెళ్తాయి. ఏటా జెనారోకి ఏదో ఒకటి అడ్డం పడేది. ఒకసారి కూతురి పెళ్ళి, ఒకసారి నడుంనొప్పి.

మా మేళంలో నాది డోలు. సెవేరోకి జత రుఫీనో. అతని రొట్టెల బట్టీ సరిగ్గా సెవేరో ఇంటికి ఎదురుగా ఉంటుంది. మేళం పాటలన్నీ ఇద్దరూ కలిసి ఊదేవారు. ఆ ఊరి పాట కూడా నేర్పమని రుఫీనో ఎన్నిసార్లు బతిమాలాడో! "మా అన్న సగం నేను ముట్టుకోను. నాదైతే నీకివ్వనా?" అనేవాడు సెవేరో.

ఈ ఏడు మట్టలాదివారానికి ముందు ఫోనొచ్చింది. జెనారో పోయాడు. సెవేరో వెళ్ళేసరికే మట్టి చేసేశారు. తిరిగొచ్చాక అతను సికు ముట్టుకోలేదు. మేం కొండకి బయల్దేరే పొద్దున మాత్రం దాన్ని గుడ్డలో చుట్టి నడుముకి కట్టుకొచ్చాడు.

"ఈసారి ఊదను నికా," అన్నాడు నాతో. "పుంతా కొర్రాల్ కొండమీద మరియమ్మ తల్లి పాదాల దగ్గర పెట్టేసి వచ్చేస్తా. ఇంక దీంతో పనేముంది?"

నా నోరు ఊరుకోదు కదా. "మొక్కుల సామానుతో ఆ తల్లికి కూర్చునే చోటే లేదు. నీ వెదురుముక్కలు కూడానా?"

అతను నవ్వలేదు.

దారి పొడుగునా మేళాలు వాయిస్తూ ఎక్కుతున్నాయి. మా రుఫీనో జతలేకుండా తన సగం ఊదుతుంటే ముందునుంచి మేళం పెద్ద అరిచాడు. "ఏంట్రా రుఫీనో, నీ పాటకి పళ్ళూడిపోయాయి?" అసలే రుఫీనోకి మోకాలు నొప్పి. కుంటుకుంటూ వెనకబడ్డాడు. అతనితోపాటు మేమిద్దరం కూడా.

కొండెక్కేవాళ్ళు మొక్కుగా రాళ్ళు వేసే కుప్ప దగ్గర ముగ్గురం ఆగాం. కిందనుంచి తెచ్చుకున్న రాయి తలా ఒకటి కుప్పమీద వేసి, కొండని దారి అడిగాం. ఆయాసం తగ్గడానికి బుగ్గన కోకా ఆకు పెట్టుకుని కూలబడ్డాం. మేళం మలుపు తిరిగిపోయింది.

"ఏదీ, నీ సికు ఓసారి ఇలా ఇయ్యి బావా," అన్నాడు రుఫీనో.

"దేనికి?"

"ఎలాగూ పారేసేదేగా. ఇంత బెట్టెందుకు?"

సెవేరో విసుగ్గా గుడ్డ విప్పి ఇచ్చాడు. రుఫీనో తన సికు అతని ఒళ్ళో పడేసి, సెవేరోదాన్ని పెదాలకి ఆనించాడు. ఆ ఊరి పాటే! సెవేరో సగం, అతను ఆగే చోటల్లా ఆగుతూ, పొల్లుపోకుండా.

"నీకెవరు నేర్పారు?" అన్నాడు సెవేరో.

"ఎవరు నేర్పాలి? ఇన్నేళ్ళు నీ ఎదురుగా రొట్టెలు కాల్చాను. కాలింది చేతులే, చెవులు కాదు."

మళ్ళీ మొదలుపెట్టాడు. ఆగే చోట ఆగాడు. ఎవరూ అందుకోలేదు. ఇంకో చోట ఆగాడు. సెవేరో తల వంచుకుని ఒళ్ళో ఉన్న గొట్టాల్ని చూస్తున్నాడు. మూడోసారి ఆగినప్పుడు వాటిని ఎత్తి, వాళ్ళన్న సగం ఊదాడు.

ఇన్నేళ్ళూ గుమ్మంలో ఆగి కూర్చున్నప్పుడు అతను వింటున్నదేమిటో అప్పుడు తెలిసింది నాకు. సెవేరో సగంకంటే అదే బాగుంది. ఏడుపొచ్చింది, ఏడ్చాను. డోలు ముట్టుకోవాలనిపించలేదు.

మేం పైకి చేరేసరికి మేళాలన్నీ తల్లి గుడి లోపలికెళ్ళి వచ్చేశాయి. మా మేళం పెద్ద నాలుగు తిట్టాడు, పడ్డాం. తల్లి ముందుకి వెళ్ళాక ముగ్గురం టోపీలు తీశాం. రుఫీనో తన చేతిలోని సికుని ముందుకి చాపాడు.

"ఇదిగో నీది. పెడతానన్నావుగా."

సెవేరో దాన్ని అందుకోలేదు.

"నీ దగ్గరే ఉంచు," అన్నాడు. "నాది నువ్వు ఊదు. మా అన్నది నేను ఊదుతా."