పేరు లేని సెలవు

హాస్కిన్స్ ఫెర్రీలో నల్లవాళ్ళెవరు పోయినా ఓజెల్ మేబ్రీ చేతుల మీదుగానే మట్టికి చేరేవాళ్ళు. అంత్యక్రియలు జరిపించడం అతని తండ్రినాటి వ్యాపారం. అలబామాలోని ఆ చిన్న ఊళ్ళో తెల్లవాళ్ళ కింద పనిచెయ్యని నల్లవాడు అతనొక్కడే. అందుకే ఊరి కౌన్సిల్‌కు తమ మనిషిని పంపుకునే వీలు మొదటిసారి దొరికినప్పుడు అందరూ అతన్నే నిలబెట్టారు. నెమ్మదస్తుడు. ఏడ్చేవాళ్ళ మధ్య బతికినవాడు గనక గొంతు పెంచడం అలవాటు లేదు.

ఇల్లిల్లూ తిరిగి అతనికి ఓట్లడిగింది వదిన ఐడెల్. భార్యకు అక్క. చిన్నతనంలో హక్కుల కోసం ఊరేగింపులో నడిచి, పోలీసు లాఠీకి రెండు ముందు పళ్ళు రాలగొట్టించుకుని జైలుకెళ్ళిన మనిషి. ఇప్పుడు టౌన్‌హాల్లో గదులు ఊడ్చి తుడిచేది.

చుట్టుపక్కల ఊళ్ళన్నీ జనవరిలో, నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడి ప్రాణమిచ్చిన డాక్టర్ కింగ్ పేరిట సెలవు ఇస్తున్నా హాస్కిన్స్ ఫెర్రీ ఇవ్వలేదు. ఓజెల్ కౌన్సిల్లో మొదట అడిగింది అదే. మేయర్ థర్మన్ బిగ్స్ అతన్ని తన గదిలోకి పిలిచి స్వయంగా కాఫీ పోశాడు.

"చూడు ఓజెల్, సెలవిస్తాను. ఆ పేరు మాత్రం పెట్టలేను, మావాళ్ళు నన్ను బతకనివ్వరు. 'మానవ సంబంధాల దినం' అందాం. ఎవరికీ గుచ్చుకోదు."

"మావాళ్ళు అడిగింది పేరే కదండీ, మేయర్ గారూ."

"ఓటుకు పెడితే పేరూ రాదు, సెలవూ రాదు. ఆలోచించుకో. మీ వీధి మురుగుకాలవ సంగతి కూడా చూద్దాంలే."

మీటింగులో ఓజెల్ మేయర్ చెప్పిన పేరుకే చెయ్యెత్తాడు. ముందు సెలవు చేతికి రానీ, పేరు తర్వాత మెల్లిగా తెచ్చుకుందాం అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి అందరూ భోజనాలకు కూర్చున్నారు. ఐడెల్ మొక్కజొన్న రొట్టె తుంచుతూ అడిగింది.

"ఇంతకీ మరిదీ, ఎవరికి ఎవరితో సంబంధాలు?"

"సెలవొచ్చింది కదా వదినా. హాయిగా ఇంట్లో కాళ్ళు చాపుకుని కూచో."

"కాళ్ళు చాపుకోడం చేతకాకనా నేను జైలుకెళ్ళింది? మనం పేరడిగితే మేయరు మంచమిచ్చాడు. నువ్వు దిండు మోసుకొచ్చావు."

ఓజెల్ భార్య పక్కున నవ్వి, మొగుడి మొహం చూసి ఆపేసింది.

పేరు లేని సెలవు తనకొద్దని, సెలవునాడు ఐడెల్ ఎప్పట్లాగే పనికెళ్ళింది. టౌన్‌హాల్ తలుపుకు తాళం. బయటి మెట్లు ఊడ్చి, కోటు బిగించుకుని సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది. మరుసటి ఏడూ అంతే. మొదట్లో చర్చివాళ్ళు కొందరు పక్కన కూర్చునేవాళ్ళు, రానురాను మానేశారు. కార్లలో పోతూ కొందరు కూతలు పెట్టేవాళ్ళు. ఆ రోజు ఓజెల్ అటు పోకుండా వెనకవీధిన తిరిగి వెళ్ళేవాడు.

"ఈసారి పేరు ఓటుకు పెడతాను వదినా, తప్పకుండా పెడతాను," అని ప్రతి శీతాకాలం అనేవాడు. తీరా మీటింగుకు వెళ్ళేసరికి మురుగుకాలవో, వీధి దీపాలో, తారురోడ్డో ఓటుకు వచ్చేవి. పేరు ఎత్తితే అవి పోతాయని నోరు కట్టేసుకునేవాడు. కాలవ వచ్చింది, దీపాలూ వచ్చాయి, పిల్లలు బురద లేకుండా బడికి నడిచారు. ఐడెల్ అడగడం మానేసింది. ఆమె అడిగినప్పటికన్నా అదే అతనికి ఎక్కువ బరువైంది.

ఒక శరత్కాలంలో ఐడెల్ పోయింది. ఆమెను ఓజెలే సిద్ధం చేశాడు. పళ్ళ సందు కనిపించకుండా పెదాలు కలిపి మూయాలి. ఎవరికైనా అలాగే చేస్తాడు. ఆమె దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోయింది. ఆమె బతికుండగా నోరు మూయించినట్టే ఇప్పుడూ మూయిస్తున్నాననిపించింది. చివరికి మూశాడు. పని పని కదా.

తర్వాత కొన్నేళ్ళకు ఒక చిన్న వయసావిడ మేయరయింది. ఒక మీటింగులో కుక్కల లైసెన్సులకూ క్రిస్మస్ దీపాలకూ మధ్య, సెలవుకు డాక్టర్ కింగ్ పేరు పెడదామని చదివి, "ఎవరికైనా అభ్యంతరమా?" అంది. ఎవరికీ లేదు. బిగ్స్ కొడుకు కూడా చెయ్యెత్తాడు. ఎవరైనా కాదంటారేమో, ఇన్నేళ్ళుగా గుండెలో దాచుకున్నదంతా అప్పుడు చెబుదామని ఓజెల్ చూస్తూ కూర్చున్నాడు. అందరికన్నా ఆఖరున లేచింది అతని చెయ్యే.

జనవరిలో సెలవునాటి ఉదయం ఊరంతటికీ ఫలహారాలు పెట్టి, "ఈ సెలవు తెచ్చిన పెద్దమనిషి" అని అతనికి జ్ఞాపిక ఇచ్చారు. వదిన పేరు చెబుదామని లేచాడు. అప్పటికే చప్పట్లు మోగుతున్నాయి. థాంక్స్ చెప్పి కూర్చున్నాడు.

ఆ జ్ఞాపిక పట్టుకుని నేరుగా ఐడెల్ కూతురు రెనెటా ఇంటికి వెళ్ళాడు.

"ఇది నాకెందుకు బాబాయ్?"

"మీ అమ్మకు దక్కాల్సిందమ్మా."

"అమ్మయితే తీసుకునేది కాదు." మెత్తగానే అంది రెనెటా.

"చివరిదాకా నా మీద కోపంగానే ఉందా?"

"కోపమేంటి? నిన్ను ఎవరైనా మాటంటే వాళ్ళ మీద పడేది. 'మా మరిది మంచోడు' అనేది. ఓటు మాత్రం మళ్ళీ వెయ్యలేదు."

"నాకు పోటీయే లేదు కదే. ఇంకెవరికి వేసింది?"

"ఎవరికీ వెయ్యలేదు. నీ పేరు దగ్గర ఖాళీ వదిలేసి వచ్చేది."

ఓజెల్ జ్ఞాపికను బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. రెనెటా కాఫీ తెచ్చి ఇచ్చి, ఎదురుగా కుర్చీ లాక్కుంది. కప్పు కింద పెట్టి అతను, వదిన గురించి ఆ ఉదయం అంతమంది ముందు చెప్పలేకపోయింది ఆమె ఒక్కదానికే చెప్పడం మొదలుపెట్టాడు. రెనెటా అడ్డు రాకుండా వింది.