ఎక్కడానికీ దిగడానికీ ఒకటే సైకిలు

ఆ రోజుల్లో, మరీ పాత రోజులేం కావులెండి, టచ్ ఫోన్లు మా చేపల కొట్టు దాకా వచ్చేసిన రోజులే, నాకు ఇరవై ఏళ్ళు, బావకి ఇరవై రెండు. ఇరవై ఏళ్ళ వయసులో మనిషికి తన మంచితనం మీద ఎంత నమ్మకం ఉంటుందో తల్చుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఒకడికి అన్యాయం చెయ్యాలంటే మీసం మెలేసి, కళ్ళెర్రజేసి, నాలుగు రోజులు కూర్చుని పథకం వెయ్యాలనుకునేవాణ్ణి. ప్రాణంగా చూసుకునే మనిషి భుజం మీద చెయ్యేసి, అతన్ని నవ్విస్తూ నవ్విస్తూ కూడా ఆ పని పూర్తి చెయ్యొచ్చని నాకు ఎవరూ చెప్పలేదు. (తొమ్మిదో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టేశాను కాబట్టి చాలా పాఠాలు ఇలా నాకు నేనే చెప్పుకోవాల్సి వచ్చింది.)

బావంటే మా మేనమామ కొడుకు. కొల్లేటి లంకలో పుట్టి, నీళ్ళకి నాలుగడుగుల ఎత్తున ఉన్న చెరువు గట్టే ప్రపంచంలో ఎత్తైన చోటని నమ్ముతూ పెరిగినవాడు. మా నాన్నకి భవానీపురంలో చేపల కొట్టు. "మీ దగ్గర ఉంటే వ్యాపారం ఒంటబడుతుంది బావగారూ" అని మామయ్య అతన్ని మా ఇంటికి పంపించాడు. వచ్చిన రోజు సాయంత్రమే బావ మా డాబా ఎక్కి, దూరంగా కొండపల్లి వైపు కొండల్ని చూసి నోరు తెరిచాడు. "ఒరే, వాటి మీదకి మనుషులెళ్తారా?" అన్నాడు. "వెళ్తారు బావా. దిగొచ్చినోణ్ణి మాత్రం నేనింకా చూళ్ళేదు" అన్నాను. అతను నవ్వలేదు, చూస్తూనే ఉన్నాడు. నేను వేసిన జోకుకి నవ్వని మనిషి నాకు అప్పటిదాకా తగల్లేదు. అప్పుడే కొంచెం భయపడి ఉండాల్సింది.

ఆదివారం మాకు ఊపిరాడని బేరం. సోమవారం మాత్రం కొట్లో ఈగలు కూడా మొహమాటానికి వచ్చి పోయేవి. ఆ సోమవారాల్లో బావ మా పాత సైకిలు (వెనక చేపల పెట్టె కట్టుకోవడానికి ఇనప స్టాండు వెల్డింగు చేయించిన సైకిలు, దాని వాసనకి కుక్కలు ఊరి పొలిమేర దాకా సాగనంపేవి) తీసుకుని కొండపల్లి వెళ్ళి, కోటకెళ్ళే ఘాట్ రోడ్డు ఎక్కేవాడు. మొదట్లో పావు వంతు. తర్వాత సగం. నాలుగు నెలలకి పైదాకా. నేను వెనకాల నాన్న మోటారు సైకిల్ మీద వెళ్తూ "హైలెస్సా" అని పడవ పాట అందుకునేవాణ్ణి. దిగేటప్పుడు సైకిలు నేను లాక్కునేవాణ్ణి. ఎక్కే కష్టం అతనిది, దిగే సరదా నాది. అతనేమీ అనేవాడు కాదు.

ఒక సోమవారం కొండ మీద ఒకాయన మమ్మల్ని ఆపాడు. మన్యంలో ఆయనకి ఒక క్యాంపు ఉందట. ఊళ్ళ నించి వచ్చినవాళ్ళని అక్కడి కొండల్లో సైకిళ్ళ మీద తిప్పుతారట. పేరు గుర్తు లేదు, మేం క్యాంపు సారనే అనుకునేవాళ్ళం. చేపల సైకిలు మీద నిలబడి తొక్కుకుంటూ వచ్చిన బావని ఆయన పైనించి కిందికి చూసి అడిగాడు.

"ఏం చేస్తుంటావు బాబూ?"

"చేపలు కోస్తానండీ."

"నా దగ్గర పని చేస్తావా? జనాన్ని కొండల్లో తిప్పుకు రావాలి. తిండి, బస అక్కడే."

బావ ఎంతసేపటికీ మాట్లాడకపోతే నేనే అన్నాను, "చేస్తాడండీ, ఆనందం గొంతులో అడ్డం పడింది."

నెలన్నర తర్వాత మళ్ళీ ఇక్కడికే వస్తానని, వచ్చే కుర్రాళ్ళందరికీ ఒకటే పరీక్ష అని ఆయన చెప్పాడు. కొండ కింద మొదలెట్టి కోట దాకా కాలు నేలకి ఆనించకుండా ఎక్కాలి. తర్వాత అడవి దారిలో దిగాలి. "ఈ పెట్టె బండి మీద కాదు. మంచి మౌంటెన్ బైకు తెచ్చుకో. మా దగ్గర పొద్దున ఎక్కుతాం, సాయంత్రం దిగుతాం, మధ్యలో సైకిలు మార్చుకోవడం ఉండదు. ఎక్కేటప్పుడు నిన్ను వెనక్కి లాగకూడదు, దిగేటప్పుడు నిన్ను పడెయ్యకూడదు. రెండింటికీ పనికొచ్చేది చూసి కొనుక్కో" అన్నాడు.

ఆ రోజు దిగేటప్పుడు సైకిలు నాకివ్వడం బావ మర్చిపోయాడు. అతను ముందు, నేను వెనక. అతని వీపు చూస్తూ వస్తుంటే నాకు తట్టింది: ఈ మనిషి వెళ్ళిపోతాడు. అతను రాకముందు ఐదేళ్ళు నేను తెల్లారుజామున ఒక్కణ్ణే ఐసు పగలగొట్టుకున్నాను. అతను వచ్చాక అదే ఐసు, అవే చేపలు, అదే నాన్న తిట్లు, అన్నీ తిరునాళ్ళలా ఉండేవి. ఆ తిరునాళ్ళు మన్యానికి తరలిపోతున్నాయంటే నవ్వు మొహం పెట్టుకుని "సాధించావు బావా!" అన్నాను. లోపల మాత్రం ఎవరో చేపని తోమినట్టు తోముతున్నారు.

బావ తను దాచుకున్నదంతా పట్టుకుని నన్ను తోడు తీసుకుని టౌన్లో ఒక పెద్ద సైకిళ్ళ షాపుకి బయల్దేరాడు. (ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివేవాణ్ణి కాబట్టి మా ఇద్దరిలో విద్యావంతుణ్ణి నేనే.) అక్కడి సేల్స్ కుర్రాడు బంగారంలాంటివాడు. మూడు సైకిళ్ళు వరసగా పెట్టి ఓపిగ్గా చెప్పాడు.

"ఇదుందండీ, దీనికి ముందు చక్రానికే స్ప్రింగులు. తేలిక. ఎక్కడానికి బాగుంటుంది, రాళ్ళలో దిగేటప్పుడు మాత్రం ఒళ్ళు హూనం. ఆ చివరిది పూర్తిగా దిగడానికేనండీ. ముందూ వెనకా పెద్ద స్ప్రింగులు, లావు టైర్లు. దాన్ని కొండ కిందికి వదలాలి గానీ పైకి తొక్కడం మహా కష్టం. మీరు చెప్పిన పనికి మధ్యలోదండీ. దీనికీ రెండు వైపులా స్ప్రింగులున్నాయి గానీ మితంగా ఉంటాయి. ఎక్కేటప్పుడు వెనక స్ప్రింగు ఇలా బిగించెయ్యొచ్చు. వెనక పళ్ళ చక్రం చూశారా, కంచమంత ఉంది, ఎంత ఎత్తైనా మెల్లగా లాగేస్తుంది. దిగేటప్పుడు ఈ మీట నొక్కితే సీటు కిందికి పోతుంది."

బావ మూడింటినీ చూశాడు. మధ్యలోదాని సీటు కిందికీ పైకీ రెండుసార్లు ఆడించాడు. అతని మొహంలో వెలుగు నాకు కనిపించింది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వేమంటావురా?" అన్నాడు.

ఆ ప్రశ్నకి జవాబు నాకు తెలుసు. గోడక్కూడా తెలుసు. నేను చివరి సైకిలు దగ్గరికి నడిచి, దాని సీటు మీద చెయ్యేసి అన్నాను:

"బావా, బొచ్చె చేప కొనాలంటే మనం ఏం చూస్తాం? కేజీ పిల్లనా, ఐదు కేజీల దాన్నా?"

"ఐదు కేజీల దాన్నే. పిల్లలో అన్నీ ముళ్ళే కదా."

"మరి? సరుకన్నాక బరువుండాలి. ఇది నేలని కరిచిపట్టుకుంటుంది. అవి చూడు, ఎండబెట్టిన చిట్టి మెత్తళ్ళలాగా! కొండ మీద గాలొస్తే నువ్వొకచోట, అదొకచోట."

సేల్స్ కుర్రాడు కంగారుపడ్డాడు. "అయ్యో, అలా కాదండీ, సైకిళ్ళలో బరువు..."

"ఏమయ్యా, నువ్వెప్పుడైనా చేప కోశావా?"

"లేదండీ, మేం తినమండీ."

"తినవు, కొయ్యవు, బరువు సంగతి మాకు చెప్తావా?"

షాపులో ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. బావ కూడా నవ్వాడు. కుర్రాడు ఎర్రబడి, "మీ ఇష్టమండీ, పడకపోతే వారంలోపు తీసుకురండి, మార్చిస్తాం" అని ఊరుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక నేను వేసిన జోకులన్నింట్లోకీ బాగా పేలింది అదే. ఇప్పటికీ గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

కొన్న సాయంత్రం పరీక్ష చెయ్యడానికి కాలవ గట్టుకి తీసుకెళ్ళాం. మా డెల్టా వాళ్ళకి అంతకన్నా పర్వతం ఎక్కడ దొరుకుతుంది? పది అడుగుల గట్టు బావ ఒక్క ఊపులో ఎక్కేసి, "కొంచెం బరువుగా లాగుతోందిరా" అన్నాడు. "కొత్త చెప్పులు కరవవూ? నాల్రోజులు పోతే అదే సాగుద్ది" అన్నాను.

సైకిలు సాగలేదు. వరసగా మూడు రోజులు మధ్యాహ్నం బేరం లేని వేళ కొండకెళ్ళాడు. చేపల బండి మీద పైదాకా వెళ్ళిన మనిషి ఈ కొత్తదాని మీద సగంలోనే ఆగిపోయి, రోడ్డు పక్క బండ మీద కూర్చుని పిక్కలు నొక్కుకునేవాడు. తప్పు సైకిలుదని అతనికి తోచలేదు. అంత ఖరీదైన వస్తువులో తప్పుంటుందని లంకలో పుట్టినవాడు ఎలా అనుకుంటాడు? తప్పు తన కాళ్ళదే అనుకున్నాడు. ఇంటికొచ్చి మా అమ్మతో, "అత్తా, నాకు సత్తువ తగ్గిపోతోంది" అన్నాడు. అమ్మ కంగారుపడి పొద్దున రెండు గుడ్లు, సాయంత్రం రాగి జావ మొదలుపెట్టింది. రాత్రిళ్ళు నువ్వుల నూనె కాచి ఇస్తే పిక్కలకి మర్దనా చేసుకునేవాడు. నేనేమో "బావ కాళ్ళకి తాలింపు పెడుతున్నారు" అని వీధంతా చెప్పుకొచ్చాను. ఆ సైకిలు మీద దిగుడు మాత్రం, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, స్వర్గం. రాళ్ళ మీద పరుపు పరిచినట్టుండేది.

ఏడో రోజు పొద్దున చెప్పేద్దామనుకున్నాను. ఒట్టు. "బావా, పద, షాపుకెళ్దాం, మధ్యలోది తెచ్చుకుందాం." ఇంతే. పది మాటలు కూడా లేవు. బావ కొట్టు ముందు కూర్చుని సైకిలు తుడుస్తున్నాడు. దగ్గరికెళ్ళాను. తలెత్తి, "ఒరే, నాకు ఆ ఉద్యోగం వస్తే నువ్వు నెలకోసారన్నా రావాలి. నువ్వు లేకపోతే నాకక్కడ ఏం తోస్తుందిరా" అన్నాడు. ఆ మాట విన్నాకన్నా చెప్పాలా వద్దా? "వస్తా బావా, చేపలు కూడా తెస్తా, అక్కడి జింకలకి అమ్ముదాం" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. వారం అయిపోయింది.

పరీక్ష రోజు మరో ముగ్గురు కుర్రాళ్ళొచ్చారు. వాళ్ళ సైకిళ్ళన్నీ బావ వదిలేసిన మధ్యలోదాని చుట్టాలు. నేను మోటారు సైకిల్ మీద ముందే వెళ్ళి చివరి మలుపు దగ్గర నిలబడ్డాను. వాళ్ళు ముగ్గురూ ఒగరుస్తూ, తిట్టుకుంటూ దాటిపోయారు. చాలాసేపటికి బావ కనిపించాడు. రోడ్డుకి ఆ అంచు నించి ఈ అంచుకి పాములా మెలికలు తిరుగుతూ, ముఖం నల్లబడిపోయి, నోరు తెరుచుకుని వస్తున్నాడు. నా జీవితంలో మొదటిసారి గొంతులోంచి జోకు రాలేదు. "రా బావా, రా బావా" అని మాత్రం అరిచాను. నాకు పది గజాల దూరంలో సైకిలు నిలబడిపోయింది. ఒక్క క్షణం అలాగే గాలిలో ఆగినట్టు ఆగి, అతని ఎడం కాలు నేల మీదకి దిగింది. బావ వంగి ఆ కాలి వంకే చూశాడు, అది ఎవరో పరాయివాళ్ళ కాలైనట్టు.

క్యాంపు సారు దిగొచ్చి సైకిలు ముందు చక్రం పైకెత్తి చూసి, "ఎవరయ్యా నీకు ఇది కొనమని చెప్పింది?" అన్నాడు.

నేను నేల చూశాను.

"ఎవరూ చెప్పలేదండీ. నేనే ముచ్చటపడి కొనుక్కున్నానండీ" అన్నాడు బావ. "సైకిలు మంచిదేనండీ. నా కాళ్ళే చాల్లేదు."

ఆయన నా మొహం చూశాడు, బావ మొహం చూశాడు. తనకి కావాల్సిన ఇద్దరూ దొరికారని, ఏమీ అనుకోవద్దని చెప్పి వెళ్ళిపోయాడు. బావ సైకిలు తిప్పి నా చేతికిచ్చాడు. "నువ్వు దిగురా, నీకిష్టం కదా. నేను మోటారు సైకిల్ మీద వస్తాను" అన్నాడు. దిగాను. చెప్పకూడదు గానీ, ఆ రోజు దిగినంత బాగా నేను ఎప్పుడూ దిగలేదు. ఒక్క మలుపు తప్పలేదు. కిందికొచ్చాక పక్క పొదల్లోకి వెళ్ళి వాంతి చేసుకున్నాను.

మరుసటి నెలలోనే మామయ్య చెరువు పని చూసుకోవాలని బావ లంకకి వెళ్ళిపోయాడు. అంటే, నేను అంత కష్టపడి సాధించింది బావతో ఇంకో నెలరోజులు. సైకిలు మా ఇంట్లోనే వదిలేశాడు. "గట్ల మీద నాకెందుకురా" అన్నాడు. ఐసు మళ్ళీ నేనొక్కణ్ణే పగలగొట్టుకున్నాను.

ఏళ్ళు గడిచాక, మొన్న పని మీద బావ వాళ్ళ లంక వైపు వెళ్తూ, హనుమాన్ జంక్షన్‌లో టీ తాగుతుండగా, ఈసారి చెప్పెయ్యాలని గట్టిగా అనుకున్నాను. మామూలుగా ఏడాదికోసారి వెళ్తూనే ఉంటాను. ప్రతిసారీ అనుకుంటాను. ఈసారి భోజనాల దగ్గర బావే అవకాశం అందించాడు. తన ఆరేళ్ళ కూతురు పరుగు పందెంలో ఓడిపోయి మూతి ముడుచుకుని కూర్చుంటే, "పోనీలేమ్మా, మీ నాన్న కాళ్ళే నీకూ వచ్చాయి. ఈ కాళ్ళు ఒకసారి కొండ మీద పరువు తీశాయి" అన్నాడు నవ్వుతూ. పిల్ల తన కాళ్ళ వంక చూసుకుంది.

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. "బావా, నీ కాళ్ళకేం రోగం? ఆ సైకిలు ఎక్కడానికి పనికిరాదని నాకు తెలుసు. ఆ కుర్రాడు చెప్పింది నాకు అర్థమైంది. నువ్వు వెళ్ళిపోతావని కావాలని కొనిపించాను" అన్నాను. ఒక్క గుక్కలో.

బావ పగలబడి నవ్వాడు. వాళ్ళావిడ నవ్వాపుకోలేక కూర గిన్నె కింద పెట్టేసింది. "అన్నయ్యా, మీరొస్తే అన్నం తిననివ్వరు కదా!" అంది.

"నిజం బావా. అమ్మ మీదొట్టు."

"ఛ, అత్త మీద ఒట్లేంట్రా, తప్పు." నవ్వు తగ్గించి నా భుజం మీద చెయ్యేశాడు. "నా మనసు తేలిక చెయ్యాలని చెప్తున్నావు, నాకు తెలీదా? నువ్వు అలాంటి పని చేస్తావంటే ఎవరు నమ్ముతారు? నా కాళ్ళ సంగతి నాకు తెలుసులే. తిను."

తిన్నాను. పిల్ల మాత్రం మూతి ముడవడం మానేసి, జరుక్కుంటూ వచ్చి నా మోకాలు పట్టుకుని, "మామయ్యా, ఇంకోటి చెప్పవా" అంది. ఇరవై ఏళ్ళప్పుడు నవ్వించే ఈ పని నాకెంత తేలిగ్గా ఉండేదో! ముప్పై దాటి, నడినెత్తిన జుట్టు పల్చబడిన నేను, కళ్ళు తుడుచుకోవడానికి కూర కారాన్ని సాకు పెట్టుకుని, గొంతు సవరించుకుని, ఇంకో జోకు మొదలుపెట్టాను. అది సగం కూడా పేలలేదు. అయినా పిల్ల నవ్వింది. దాన్ని చూసి నేనూ నవ్వాను.