మావారి కారు, మారేడుమిల్లి కొండ

ఈ రోజుల్లో పెళ్ళైన వారానికే జంటలు ఎక్కడికి పడితే అక్కడికి చెక్కేస్తున్నాయి గానీ, మా రోజుల్లో కొత్త కోడలు మొగుడితో సినిమాకి వెళ్ళాలన్నా పక్కన ఓ ఆడపడుచో, ఓ చంటిపిల్లో తోడుండాల్సిందే. అలాంటి కాలంలో, రాజమండ్రిలో బట్టల కొట్టు వాళ్ళింటికి కోడలిగా వచ్చిన నాతో మావారు వంటింటి గుమ్మంలో నిలబడి, "ఆదివారం మనిద్దరం కారేసుకుని మారేడుమిల్లి కొండల్లోకి పోదాం" అని గొణిగారంటే నా సంబరం మీరే ఊహించుకోండి. నాకప్పుడు ఇరవయ్యేళ్ళు. మాది కోనసీమ, మాకు ఎత్తంటే కాలవగట్టే. పైగా మావారు స్టీరింగు ముందు కూర్చుంటే విమానం నడిపేవాడిలా కనబడేవారు నాకు. (నవ్వకండి. మొగుడికి రాని విద్యంటూ ఉండదని నమ్మే వయసది.)

గొణుగుడు ఎలా వినబడిందో గానీ, సాయంత్రానికల్లా అత్తగారు "కొండలా? నేనూ చూళ్ళేదమ్మా" అన్నారు. ఆవిడొస్తే మావగారు ఆగుతారా? ఆదివారం తెల్లారేసరికి మా ఇద్దరి షికారు కాస్తా నలుగురి ప్రయాణమైంది. పులిహోర గిన్నె, దద్దోజనం గిన్నె, మరచెంబులు, అత్తగారి దిండు కూడా ఎక్కాయి. నేను పెళ్ళి పట్టుచీర కట్టుకున్నాను. (కోతులు చూస్తాయనుకున్నానో ఏమో!)

గోకవరం దాకా హాయిగా సాగింది. రంపచోడవరం దాటాక రోడ్డు సన్నబడి, మెలికలు తిరగడం మొదలెట్టింది. ప్రతి మలుపుకీ అత్తగారు కళ్ళు మూసుకుని "నారాయణా!" అనడం, కాసేపాగి "అయిందా?" అని అడగడం. "ఇదీ ఒక ఘాటేనా అమ్మా, నిద్దట్లో నడుపుతాను" అంటూ మావారు అద్దంలోంచి నాకేసి ఓ చిరునవ్వు విసిరారు. వెనక సీట్లో నేను కరిగి నీరైపోయాను.

సరిగ్గా అప్పుడే, మలుపు తిరిగి ఎదురుగా ఓ వెదురు లారీ వచ్చి ఆగింది. ఓ పక్క కొండ, ఇంకో పక్క లోయ. లారీ డ్రైవరు దిగొచ్చి, "లోడు బండండీ, వెనక్కి ఎక్కదండి. తమరు కాస్త వెనక్కెళితే ఆ మలుపులో జాగా ఉందండి" అన్నాడు.

"ఎక్కేవాడికే దారివ్వాలి. అది రూలు" అన్నారు మావారు.

"రూలు నిజమేనండి. లారీకి తెలీదు కదండి."

మావారు కారు దిగారు. టైర్లు తన్ని చూశారు. తుడిచిన అద్దమే మళ్ళీ తుడిచారు. ముందు సీట్లోంచి మావగారు తల బయటికి పెట్టి, "టైర్లు బానే ఉన్నాయి గానీ, వెనక్కి తియ్యరా" అన్నారు. మావారు ఆ కిటికీ దగ్గరికి వంగి, "నాకు రివర్సు రాదు నాన్నా" అన్నారు.

"రాకపోవడమేంట్రా?"

"నేర్పినాయన గోదావరి గట్టు మీద నేర్పాడు. అక్కడ ముందుకే గదా వెళ్తాం!"

"మరి రోజూ షెడ్డులోంచి ఎలా తీస్తున్నావు?"

"కొట్లో వాళ్ళు తోసిపెడతారు."

అత్తగారు కొడుకుని వెనకేసుకొచ్చారు. "వాడి తప్పేం లేదండీ. వెనకడుగు వెయ్యడం చిన్నప్పట్నించీ వాడికి అలవాటు లేదు."

అత్తారింట్లో పళ్ళు కనబడేలా నవ్వొద్దని మా అమ్మ మరీ మరీ చెప్పి పంపింది. పమిట నోట్లో కుక్కుకున్నాను. లాభం లేకపోయింది, నవ్వు ముక్కులోంచి గుర్రుమంటూ బయటికొచ్చేసింది. అందరూ నావైపు తిరిగారు, లారీ డ్రైవరుతో సహా. మావారి చెవులు ఎర్రబడ్డాయి. నా కాపురం ఈ కొండ మీదే కూలిపోయిందనుకుని బిక్కచచ్చిపోయాను. ఇంతలో మావగారి భుజాలు కదలడం మొదలెట్టాయి. నాతో అంతవరకూ నాలుగు మాటలు కూడా ఆడని ఆ మనిషి, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వారు.

ఇక అందరం రంగంలోకి దిగాం. కారు న్యూట్రల్లో పెట్టి మావారు బ్రేకు మీద కాలేసి కూర్చున్నారు. లారీ డ్రైవరూ క్లీనరూ ముందు బంపరు పట్టుకుని ఆపుకుంటూ వదిలారు. చక్రం కింద పెట్టడానికి మావగారు ఓ రాయి పట్టుకుని పక్కనే నడిచారు. అత్తగారు పులిహోర గిన్నెతో దూరంగా నిలబడ్డారు. ("కారు పోతే పోనీ, ఇదెందుకు పోవాలి?") నేను పక్కకు నిలబడి దారి చెప్పడం మొదలెట్టాను. "కుడికండీ! కుడికి! నా కుడి కాదండీ, మీ కుడి! అయ్యో, అది ఎడమ!" మొగుణ్ణి నడిరోడ్డు మీద కేకలేస్తున్నానన్న సంగతే గుర్తులేదు. కారు బుద్ధిగా వచ్చి జాగాలో ఒదిగింది. లారీ కదిలిస్తూ డ్రైవరు, "బాగా చెప్పారండమ్మా!" అన్నాడు. మావారు వినబడనట్టు ఆకాశంలోకి చూశారు.

మారేడుమిల్లిలో వాగొడ్డున కూర్చుని పులిహోర తిన్నాం. (తిరుగు ప్రయాణానికి మావారు కారుని ఓ బడి ఆవరణలోకి పోనిచ్చి, గుండ్రంగా తిప్పుకొచ్చారు.) ఎక్కబోతుంటే మావగారు వెనక తలుపు తీసుకుని, "అమ్మాయ్, నువ్వు ముందు కూర్చో. వాడికి చెప్పేవాళ్ళుండాలి" అన్నారు.

అత్తమామలు వెనకాల, నేను ముందు! దారి పొడుగునా నాకు ఒకటే ఆరాటం, మా బజారు వీధి జనమంతా ఈ వైభవం కళ్ళారా చూడాలని. ఊరు దగ్గర పడుతుంటే జడ సవరించుకుని, చీర మడతలు దిద్దుకుని నిటారుగా కూర్చున్నాను. తీరా దీపాలు పెట్టే వేళకి మా వీధిలోకి తిరిగేసరికి కరెంటు పోయి ఉంది. ఒక్కరూ చూడలేదు. అయినా ఆ చీకట్లోనే, గడ్డం పైకెత్తి, ఎవరికో చూపించుకుంటున్నట్టు ఇంటిదాకా అలాగే కూర్చుంది ఆ పిచ్చిపిల్ల.