గడపకు పసుపు

అమ్మను వారానికి రెండుసార్లు కల్వకుర్తి దవాఖానలో చూపించాల్సి వచ్చిన ఏడాది అది. అచ్చంపేట అవతలి మా ఊరి నుంచి బస్సులో వచ్చేసరికి ఆమె నడుము పడిపోయేది. నేను కల్వకుర్తిలోనే బట్టల దుకాణంలో పనిచేస్తూ అక్కడే పడుకునేవాణ్ణి. ఒక గది దొరికితే ఆమెను తెచ్చుకోవచ్చని తిరగడం మొదలుపెట్టాను.

మేము దూదేకులవాళ్లం. ఇంట్లో తెలుగే. ఉర్దూ నాలుగు ముక్కలు కూడా సరిగ్గా రాదు. నిఖా ఖాజీ చేస్తాడు, పీర్లను మొక్కుతాం, గడపకు పసుపు రాస్తాం. బజారు వెనకాల ఒకాయన నా పేరు విని, "తురకోళ్లకు ఇయ్యం తమ్మీ, ఏమనుకోకు" అన్నాడు. మసీదు సందులో ఒక ముసలాయన నా ఉర్దూకు పగలబడి నవ్వాడు. "నువ్వు సగం ముసల్మాన్‌వి గదా, సగం గది సాలదా?"

ఆ రోజుల్లో గ్రంథాలయం నుంచి ఒక అనువాద నవల తెచ్చి చదువుతున్నాను. తెల్లవాళ్లకో వీధి, నల్లవాళ్లకో వీధి ఉన్న దేశం. తెల్ల తండ్రికీ నల్ల తల్లికీ పుట్టినవాడు తెల్లవాళ్ల వీధిలో గది తీసుకుని, తల్లి ఫోటోను పెట్టె అడుగున దాస్తాడు. బడి ఏడో తరగతితో ఆగినా ఆ గ్రంథాలయం బీరువాల్లో సగం పుస్తకాలు చదివేశానన్న గర్వం నాది. ఆ పేజీ అంచున పెన్సిల్‌తో "సిగ్గులేనోడు" అని రాశాను.

చివరికి మసీదు సందులోనే ఒక పెద్దామె ఒప్పుకుంది. "మనోళ్లే గదా, ఉండుండ్రి." నేను తలూపాను.

శుక్రవారం పొద్దున అమ్మను గదిలో దింపి నీళ్లకు పోయాను. బిందెతో వచ్చేసరికి గడపంతా పసుపు, దాని మీద కుంకుమ బొట్లు. కొత్త ఇంట్లో అడుగు పెడితే మా దగ్గర మొదట చేసే పని అదే.

పెద్దామె బయట నిలబడి ఉంది. "గిదేంది బేటా? మీరు ముసల్మాన్లేనా? రేపు సందులోళ్లు అడిగితె నేనేం జెప్పాలె?"

"మా ఇంట్ల గిట్లనే చేస్తమమ్మా," అన్నది అమ్మ, పసుపు చేతులతోనే. "మా అత్త గూడ గిట్లనే చేసేది."

మళ్లీ గదుల కోసం తిరిగే ఓపిక నాకు లేదు.

"ఆమెకు తెల్వదు ఖాలా. ఊర్ల పక్కింటోళ్లను జూసి నేర్సుకున్నది" అన్నాను. అమ్మ వైపు తిరిగి, "తుడిసెయ్" అన్నాను.

అమ్మ బట్టతో తుడిచింది. గడప బండకు పసుపు రంగు పోకపోతే నేను తెచ్చిన నీళ్లు పోసి, నడుము పట్టుకుని కూర్చుని తోమింది. పెద్దామెకే మనసు ఒప్పలేదేమో, మధ్యాహ్నం రొట్టెలు పంపించింది.

నవలను సగంలోనే వాపసు ఇచ్చాను.

ఆ గదిలో ఐదేండ్లున్నాం. అమ్మ నడుము కుదురుకుంది. సందులోని ఆడవాళ్లు వచ్చి కూర్చునేవాళ్లు. కానీ ఎవరేం అడిగినా, ఏం వండినవని అడిగినా సరే, నేను ఇంట్లో ఉంటే అమ్మ ముందు నా మొఖం చూసేది. ఆ తర్వాతే జవాబు చెప్పేది.