ఓబులేసు మామ సంకటి నేను తిన్న రోజు

నాకొక మంచి గుణం ఉంది. నేను రాసిన కరపత్రాన్ని నేనే చదివి, నేనే మెచ్చుకుంటాను. ఆ శ్రమ ఇంకొకరికి పెట్టడం నాకిష్టం ఉండదు. పెద్దపేగు క్యాన్సర్‌ను రాకముందే ఎట్ల పట్టుకోవాలో అందులో రాసినాను. నాకు బాగా నచ్చిన వాక్యం ఇది: ‘పరీక్షకు ముందురోజు గింజలు, ఆకుకూరలు, పీచు ఉన్నవి ముట్టకూడదు.’ ఇంత స్పష్టంగా రాసినవాడి పరువు ఒంగోలులో పోయిన నెల ఏమైందో చెప్తాను. టీ ఉంటే ముందే తాగేయండి, ఇది పేగుల సంగతి.

నేను మార్కాపురంలో డాక్టర్ని. ఒక పూట ప్రాక్టీసు, ఇంకో పూట రీసెర్చి. రీసెర్చి అంటే ఏదో గొప్ప యంత్రం ముందు కూర్చుంటాననుకునేరు. నడివయసు దాటినవాళ్ల ఇళ్లకు పోయి, చిన్న సీసా చేతికిచ్చి, ‘రేపు పొద్దున ఇందులో రవ్వంత మలం పెట్టియ్యమ్మా’ అని అడగడం. అందులో కంటికి కనపడని రక్తం ఉన్నట్టు తేలితే కొలనోస్కోపీ చేయిస్తాం, అంటే పేగులోకి సన్నటి కెమెరా పంపి చూడడం. లోపల పులిపిరి లాంటి బుడిపె ఉంటే, అది క్యాన్సర్‌గా మారకముందే అక్కడికక్కడే కత్తిరించేయొచ్చు.

మొదట్లో నన్ను చూసి తలుపులేసుకున్నారు. ఇప్పుడు కంభం సంతలో, నలుగురిలో, ‘సారూ, మా సీసా ఇంకా తీసుకపోలేదు’ అని కేకేస్తున్నారు. ఈ మర్యాద ఎంతమంది డాక్టర్లకు దక్కుతుంది చెప్పండి.

హనుమంతునిపాడు దగ్గరి ఊర్లో ఓబులేసు మామ సీసాలో రక్తం కనపడింది. పిలుపు వరసకే మామ. గొర్రెలు మేపే మనిషి, అరవై దాటినాడు. కొన్నాళ్లుగా నీరసంగా ఉంటే ఎండ దెబ్బ అనుకుంటున్నాడు. నాకు మాత్రం భయం పట్టుకుంది. కొలనోస్కోపీ అంటే ఆయన ససేమిరా అన్నాడు.

“నువ్వు చేయించుకున్నావా?” అని అడిగినాడు.

నాకు యాభై రెండు. ఎప్పుడో చేయించుకోవాల్సింది. “ఇంకా లేదు మామా” అన్నాను.

“గొర్రెలకు కొత్త మందు తెస్తే ముందు ఒకదానికి పోసి చూస్తాం. అది బాగుంటే మందకంతా పోస్తాం. నువ్వు ముందు పో అల్లుడా. నీకు బాగుంటే నేనొస్తా.”

మా చదువుల్లో దీన్ని పైలట్ స్టడీ అంటారు. అందులో గొర్రె పాత్ర నాకొస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

“సరే మామా. ఇద్దరం ఒకే రోజు. ముందు నాది” అన్నాను.

ఒంగోలులో నా క్లాస్‌మేట్ శ్రీధర్ పేగుల డాక్టర్. వాడి దగ్గర రోజు ఖాయం చేసినాను. ముందురోజు మధ్యాహ్నమే మామ ఇంటికి కారేసుకుని పోయినాను. ఎందుకంటే ఆయన మనసు జారి అన్నం తింటాడేమోనని కాపలాకు. నేను పోయేసరికి ఆయన అరుగు మీద కూర్చుని బుద్ధిగా కొబ్బరినీళ్లు తాగుతున్నాడు. ఆయన భార్య రంగమ్మత్త లోపల్నుంచి పళ్లెం తెచ్చింది. రాగిసంకటి, గోంగూర పచ్చడి, నల్ల నువ్వుల పొడి.

“ఆయన తినకూడదని మతికి లేక వండేసినా. ఇప్పుడిది ఎవరు తినాల?”

“నేనూ తినకూడదత్తా.”

“ఇంట్లో మనిషీ పస్తు, ఇంటికొచ్చిన మనిషీ పస్తు. ఊర్లో తెలిస్తే నన్నేమంటారు? ఒక్క ముద్ద తిను నాయనా.”

ఒక్క ముద్దే తిన్నాను, అబద్ధం చెప్పను. అయితే మా పక్క సంకటి ముద్ద కొబ్బరికాయంత ఉంటుంది. పచ్చడి రెండోసారి నేనే అడిగి వేయించుకున్నాను. సాయంత్రం విరేచనాల మందు తాగుతాం, పొద్దున మళ్లీ తాగుతాం, ఇది ఎక్కడ నిలుస్తుందిలే అనుకున్నాను. ఈ మాట పేషెంటు ఎవరన్నా అంటే అరగంట క్లాసు పీకుతాను.

మామ గ్లాసు దించి నన్నే చూస్తున్నాడు.

“గోంగూర తినకూడదని నీ కాగితంలో ఉందంటనే?”

“అది పేషెంట్లకు మామా.”

“మరి రేపు నువ్వేంది?”

ఆ సాయంత్రమే ఒంగోలు పోయి ఆసుపత్రిలో చేరినాం, పక్కపక్క మంచాలు. మామ మందు చుక్క మిగల్చలేదు. నేను పొద్దున విడతలో గ్లాసున్నర సింకుకు తాపినాను.

లోపలికి పోయినాక మత్తు వద్దన్నాను. నా పేగు స్క్రీన్ మీద నేనే చూసుకోవాలని సరదా. శ్రీధర్ కెమెరాను అటు తిప్పినాడు, ఇటు తిప్పినాడు.

“నిన్న గోంగూరా?” అన్నాడు చివరికి.

“కొంచెం.”

“నువ్వులు?”

“పొడి.”

“ఇంకొకటి కూడా ఉంది. నేను చెప్పనా, నువ్వే చెప్తావా?”

నర్సమ్మ గోడవైపు తిరిగింది. భుజాలు ఊగుతున్నాయి.

“ఏమీ కనపడడం లేదురా, ఆపేస్తున్నా” అన్నాడు వాడు. “నువ్వు పంపిన కరపత్రం బయట గోడకు అంటించినా. పోతా పోతా చదువుకో.”

బయట బెంచీ మీద మామ ఆసుపత్రి గౌను వేసుకుని కూర్చున్నాడు, పక్కన రంగమ్మత్త. పరీక్ష కాలేదంటే ఆయన లేచి ఊరికి పోయే కనిగిరి బస్సెక్కుతాడు. మళ్లీ ఈ గడప తొక్కడు. లోపల ఏముందో ఎవరికీ తెలియకుండానే పెరుగుతుంది. బ్రహ్మాండంగా అయిందని చెప్దామని నోరు తెరిచినాను. ఆయన నా నడక, నా పొట్ట, నా కళ్లు వరసగా చూస్తున్నాడు, మందు పోసిన గొర్రెను చూసినట్టు. అబద్ధం బయటికి రాలేదు.

“నాది కాలేదు మామా. కడుపు శుభ్రం కాలేదని ఆపేసినాడు. నిన్నటి సంకటి.”

మామ లేచి చెప్పులు వెతుక్కున్నాడు. అయిపోయింది అనుకున్నాను.

“నొప్పి పెట్టిందా?”

“లేదు.”

“కండ్లు తిరిగినాయా?”

“లేదు మామా.”

“అయితే మందు మంచిదే. మేతలోనే ఉంది తప్పు.” భార్య వైపు తిరిగినాడు. “నేనేమన్నా తిన్నానా?”

“నీళ్లు తప్ప ఏం ముట్టలా. తినిందంతా ఈయనే.”

“పద తల్లీ” అని నర్సమ్మ వెనకే లోపలికి పోయినాడు.

కాసేపటికి శ్రీధర్ నన్ను పిలిచి స్క్రీన్ చూపించినాడు. “చూడు, పేగంటే ఇట్లుండాల. కడిగిన పళ్లెం.” ఆ శుభ్రంలో రెండు బుడిపెలు స్పష్టంగా కనపడినాయి. ఒకటి రేగ్గాయంత. రెండూ కత్తిరించినాడు. తర్వాత రిపోర్టు వచ్చింది: క్యాన్సర్ ఇంకా కాలేదు, వదిలేస్తే అయ్యేది. ఆ కాగితం నేనే తీసుకుపోయి ఆయన చేతిలో పెట్టినాను. ఇన్నేళ్లు ఊరూరా సీసాలు మోసింది ఇందుకే కదా అనిపించింది.

ఇప్పుడు ఆ ఊర్లో ఎవరన్నా జంకితే ఓబులేసు మామే సర్దిచెప్తున్నాడంట. “డాక్టరు చెప్పేది వినండి. ఆయన చేసేది మాత్రం చూడొద్దు.”

నా పరీక్ష వచ్చే బుధవారం మళ్లీ పెట్టినారు. మంగళవారం ఇల్లు కదలకూడదని నా భార్య కట్టడి చేసింది. ఆమె చేసిందే సరి. నలుగురికీ పథ్యం చెప్పడం వచ్చింది గానీ, వడ్డించిన పళ్లెం ముందు వద్దనడం నాకింకా రాలేదు.